అడుగంటిన పాండిత్యము

ఇంటిలో బీరు కాచుకొను విద్య అమెరికాలోను ఇంగ్లండులోను ఒక గృహవినోదమై వర్ధిల్లుచున్నది. ఆ విద్య నభ్యసింపగోరి వచ్చిన శిష్యునకు అచ్చటి పెద్దలు తొలిదినముననే చేయు ఉపదేశమొకటి కలదు: డబ్బా మూత తీయుము, అందలి మాల్టు పాకమును మరుగునీళ్లలో పోయుము, ఒక గంట కాచుము, ధాన్యము మరపట్టుట లేదు, నానవేయుట లేదు, వడగట్టుట లేదు, పోయుట అయిదు నిమిషముల పని, వంటయింటి గడప తొక్కనివాడైనను చేయగలడు. ఈ మహావాక్యమున తీయుటకును పోయుటకును నడుమ జరుగు చరిత్రయంతయు లోపించినదని గ్రహించుటకు శిష్యునకు ఒక చొక్కాయు, రెండు డబ్బాల పాకమును, దైవము అనుకూలింపనిచో ఒక పొయ్యియు వ్యయమగును.

ఆ పాకమెట్టిదో చదువరులకు చెప్పవలసియున్నది. మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీని మరపట్టి వేడినీళ్లలో నానవేసినచో అందలి పిండి చక్కెరగా మారును. ఆ తీపినీటిని వడగట్టి, కర్మాగారమువారు గాలి లాగివేసిన పాత్రలలో ఇగిర్చుదురు. పీడనము తగ్గినచోట నీరు నూరు డిగ్రీలకు చాల దిగువననే ఆవిరియై పోవును గనుక పాకమునకు మాడు తగులదు, రంగు ముదురదు. తుదకు నూటికి సుమారు 80 పాళ్లు ఘనపదార్థమును 20 పాళ్లు నీరును మిగిలిన ఆ ద్రవ్యము లీటరొక్కింటికి దాదాపు 1.4 కిలోలు తూగును. ఇన్ని పంపులు, ఇన్ని కొలమానములు, ఇందరు ఇంజనీర్లు దేనికొరకనగా, ఆ పాకము అనవసరముగా సెగ చూడకుండుటకు. ఇంత గారాబముగా పెరిగిన పదార్థమును మన గృహస్థుడు ఇంటికి తెచ్చి, భగభగ మండు గ్యాసు పొయ్యిమీది పాత్రలోనికి ఒక్కమారుగా గుమ్మరించి, ఉపదేశమును పాలించితినని సంతసించును.

నీటికంటె బరువైనది నీట మునుగునని తెలియుటకు ఆర్కిమిడీసు మరల పుట్టి రానక్కరలేదు. పాకము వెంటనే కరగదు, తేలదు, తిన్నగా అడుగునకు పోయి అచ్చట పరుచుకొనును. అడుగునకు క్రింద నున్నది మంట. పైన నీరు తెల్లగా మరుగుచుండ, క్రింద పాకము నల్లగా మాడుచుండ, నడుమ మన విద్వాంసుడు పొడుగు గరిటెతో నీటి ఉపరితలమును మాత్రము సుతారముగా త్రిప్పుచుండును. అనకాపల్లి ప్రాంతమున బెల్లము వండువాడు పాకము ముదురువేళ పెనము ప్రక్కనుండి కదలడు, మంట లాగివేయుటకు క్షణము ఆలసింపడు, తెడ్డును అడుగునుండియే త్రిప్పును; ఆతని యొద్ద హైడ్రోమీటరు లేదు, డిజిటల్ ఉష్ణమాపకము లేదు, తాను కళాకారుడనను భ్రమయు లేదు.

చికాగో పరిసరమున ఒక తెలుగు యువకుని గ్యారేజీలో, జనవరి చలిలో, ఈ తంతును నేను కన్నులార చూచితిని. "అయిదు నిమిషాల పనన్నా, మీరు కూర్చోండి" అని, ఆతడు పొగలు గ్రక్కు పాత్రపైన డబ్బాను తలక్రిందులు చేసెను. రాత్రియంతయు ఆ చలిలో పడియున్న పాకము అంచుదాక వచ్చి, లోకమును ఒకమారు పరికించి, రానని ఆగిపోయెను. ఆతడు విదిలించెను, రాలేదు. చెంచాతో దేవెను, చెంచా వెళ్లినది గాని తిరిగి రాలేదు. పాత్రనుండి లేచు ఆవిరి మణికట్టును కాల్చుచుండ చేయి మార్చుకొనబోయి, మూత కోసిన వాడి అంచున బొటనవ్రేలు తెగగొట్టుకొనెను. ఇంతలో పాకమునకు దయ కలిగి, ముద్దయంతయు ఒక్క పెట్టున జారిపడగా, మరుగునీరు ఎగసి చొక్కాను అభిషేకించెను. ఎంతసేపైనదో చూచుటకు ఫోను తీసినాడు. ఫోను చేతినుండి ఊడిరాలేదు. అటుపై తలుపు పిడికి, కారు తాళమునకు, నా కుర్చీచేతికి కూడ ఆ తీపి ప్రసాదముగా సంక్రమించెను. పొయ్యి మాత్రము ఆరలేదు, ఏలయనగా ఆర్పవలెనని ఎవరును చెప్పలేదు; బీరునకు చేదునిచ్చు హాప్సు పూలు వేసినంతనే నురుగు పొంగి, ఆ పనిని తానే నిర్వర్తించినది.

ఆ బీరును పిమ్మట రుచి చూచితిని. మొదటి గ్రుక్కలో మాడు, రెండవ గ్రుక్కలో మాడు, గ్లాసు దింపిన తరువాత కూడ నాలుకపై బొగ్గు. "క్యారమెల్ ఛాయ గమనించారా అన్నా?" అని ఆ యువకుడు వినయముతో ప్రశ్నించినపుడు, ఈ విద్యయందలి అసలు నేర్పు కాచుటలో లేదు, పేరు పెట్టుటలో నున్నదని నాకు బోధపడెను. అడుగంటినచో క్యారమెల్, డబ్బా అరలో ఏండ్లు గడిపి తనంతట తాను నల్లబడి, రుచి చెడి వచ్చినచో ప్రాచీన ఆంగ్లేయ శైలి, లేత బంగారు రంగు రావలసినది ఇటుకరంగున దిగినచో అది ఉద్దేశపూర్వకము. తప్పునకు బిరుదమిచ్చి సన్మానించు ఈ సంప్రదాయము సాహిత్యమునకే పరిమితమని ఇంతకాలము భ్రమపడియుంటిని.

ఈ డబ్బాకు అసత్యముతో గల చుట్టరికము నేటిది కాదు. 1920 మొదలు 1933 వరకు అమెరికాలో మద్యనిషేధము నడచిన కాలమున, బీరు కాచు వృత్తి కోల్పోయిన పెద్ద కంపెనీలు మాల్టు పాకమును డబ్బాల కెత్తి కిరాణా దుకాణములకు పంపి, రొట్టెల తయారీకి శ్రేష్ఠమని ప్రకటించినవి. వానిలో కొన్నింట హాప్సు చేదును ముందుగనే కలిపియుండిరి. ఆ దేశపు గృహిణులకు సరిగా ఆ పదుమూడేండ్లే చేదు రొట్టెపై అంత మక్కువ ఏల కలిగెనో విచారించుటకు ప్రభుత్వమువారికి తీరిక చిక్కినట్లు కానరాదు. ఇంగ్లండులో 1880లో గ్లాడ్‌స్టన్ ప్రభుత్వము ఇంటి బీరునకు విధించిన లైసెన్సును 1963లో ఆర్థికమంత్రి మాడ్లింగు ఎత్తివేసెను. అమెరికాలో 1978 అక్టోబరున అధ్యక్షుడు కార్టరు సంతకము చేసిన శాసనము మరుసటి ఫిబ్రవరినుండి ఇంటి బీరునకు అనుమతి నిచ్చెను. (మన రాష్ట్రములలో లైసెన్సు లేక మద్యము కాచుట నేరము గనుక, ఈ వ్యాసమువలన గోదావరి తీరవాసుల కెవరికిని లాభము లేదు.) శాసనము మారినంతనే రొట్టెల అబద్ధమునకు పని లేకపోయెను, ఊరకుండుట అలవాటు లేని డబ్బా అయిదు నిమిషముల అబద్ధమును చేపట్టెను.

హైడ్రోమీటరు ప్రహసనము మరియు రమ్యము. ఒకటిన్నర కిలోల డబ్బాలు రెండింటిని నీటిలో కరగించి మొత్తము 19 లీటర్లు చేసినచో, ద్రవపు సాంద్రతను నీటితో పోల్చి చూపు ఆ సాధనము దాదాపు 1.047 చూపవలెను. చక్కెర డబ్బాలోనే వచ్చినది, ఎచ్చటికిని పారిపోదు. అయినను మన గృహస్థుడు చిన్న పాత్రలో చిక్కగా కాచి, పులియవేయు తొట్టిలో పోసి, పైన చన్నీళ్లు నింపి, కలుపుట నామోషీ యని తలచి, పైపై నీటిని గొట్టమున తీసి చూచును. 1.030! అంతట కలకలము: దుకాణదారుడు మోసగించినాడు, డబ్బా తూకము తక్కువ, కర్మాగారము నీళ్లు కలిపినది. లెక్క సరిచేయుటకై ఒక కిలో చక్కెర కుమ్మరించి, ఆ పిమ్మట బీరు పలుచనై సారాయివలె ఘాటెక్కినందులకు ఈస్టును తిట్టును. ఆడలేక మద్దెల ఓడనుట విన్నాము గాని, ఇచ్చట మద్దెలకు కంటికి కనబడని కోట్ల ప్రాణులుండుట విశేషము. పాపము, అవి తమకు పెట్టినది తినినవి.

ఇందులకు విరుగుడు లేదా యందురేమో. కలదు, కాసు ఖర్చు లేదు, అందువలననే గౌరవము లేదు. పాకము పోయుటకు ముందు పొయ్యి ఆర్పవలెను. అంతకు ముందే డబ్బాను వేడినీళ్ల గిన్నెలో పావుగంట కూర్చుండబెట్టినచో, చెంచాను మ్రింగిన ఆ పాకమే నూనెవలె జారును. (మూత తీయని డబ్బాను మంటపైననే ఉడికింపబోవు అతివాదు లుందురు, వారు గదికి సున్నము వేయించుకొను ఖర్చును కూడ లెక్కలో వేసికొందురు గాక.) అడుగునుండి త్రిప్పవలెను; గరిటెకు బరువు తగులుట మానిన తరువాతనే మంట వెలిగింపవలెను. డబ్బాలో మిగిలినదానిని కాగిన ద్రవముతోనే తొలిచి పాత్రలో పోయవలెను. లేతరంగు కావలసినవాడు సగము పాకమును కడపటి పావుగంటకు దాచుకొనవలెను. ఇవి ఉపనిషద్రహస్యములు కావు. కాని పొయ్యి ఆర్పినచో పౌరుషము కూడ ఆరునని ఎవరో ఈ గ్యారేజీ వీరుల చెవిలో నూదినట్లున్నారు. మరుగుట ఒక్క నిమిషము ఆగుటను వారు యుద్ధభూమిలో వెన్నుచూపుటగా భావింతురు.

ఇట్లు రెండుమూడు మారులు మాడ్చిన పిమ్మట వీరునకు జ్ఞానోదయమగును: తప్పు తనది కాదు, పాకమునది, డబ్బా బీరు బీరే కాదు, నిజమైన రసికుడు ధాన్యమునుండియే ఆరంభింపవలెను. అంతట బార్లీ బస్తాలు, మరయంత్రము, పంపు, అడుగున విద్యుత్తీగ నమర్చిన పెద్ద పాత్ర తెప్పించి, నిన్నటిదాక డబ్బా విప్పిన తోటివారిని కులభ్రష్టులనుగా చూచుచు, బార్లీ జావను ఆ పాత్రలో పోసి, తీగకు పూర్తి వేడిమి నిచ్చి, ఎప్పటివలెనే పైపైన గరిటె త్రిప్పును. ఆ యంత్రముతోపాటు గిన్నెలు తోము ఇనుప పీచును కూడ ఒక డజను తెప్పించుకొన్నచో తపాలా ఖర్చైనను కలిసివచ్చును.