కరవు నిధి కాబూలు దారి పట్టిన వైనం

“ఇంగ్లీషువాడి పాలనలో ఒక పద్ధతుండేదండీ” అనే పెద్దమనుషులు గుంటూరు నుంచి ఒంగోలు దాకా ఇంకా ఉన్నారు. ఉండేది మరి! ఆకలిని తూకం వేసేంత పద్ధతి.

1874లో బీహారు కరవుకు బర్మా బియ్యం తెప్పించి జనాన్ని బతికించినందుకు సర్ రిచర్డ్ టెంపుల్ దొరకు దుబారా మనిషన్న పేరొచ్చింది. పాపం, బుద్ధి తెచ్చుకున్నాడు. 1877 జనవరిలో ధాత నామ సంవత్సరపు కరవు చూడ్డానికి మద్రాసు రాజధానికి వచ్చి, రోజంతా మట్టి మోసిన మగవాడికి 450 గ్రాముల గింజలు, ఒక అణా చాలునన్నాడు. ఆడమనిషికి ఇంకాస్త తక్కువ. ఉప్పూ పప్పూ మిరపకాయా అన్నీ ఆ అణాలోనే. ఎక్కువిస్తే కూలీలు సోమరిపోతులైపోరూ? మద్రాసు శానిటరీ కమిషనర్ డాక్టర్ కార్నిష్ మాత్రం ఆ తిండితో మనిషి నిలవడని మొత్తుకున్నాడు. కూలి పెంచడానికి నెలలు పట్టింది. ఆకలి ఆగలేదు, ఫైలు ఆగింది.

ఆ కరవు పనుల్లోనే బకింగ్‌హాం కాలువలో కొంత భాగం తవ్వారు. ఒంగోలు తీరాన మూడు మైళ్లకు పైగా పని కాంట్రాక్టు తీసుకుని, ఆకలితో ఉన్న మాదిగ కుటుంబాలకు పని చూపించింది క్లౌ అనే అమెరికన్ పాదిరీ. సర్కారు కూలి కూలివాడి చేతికి అందాలంటే పాదిరీ కాంట్రాక్టరు అవతారం ఎత్తాల్సి వచ్చింది. మట్టి మోసింది వీళ్లు, కాలువకు పేరు గవర్నరు దొరది.

ఇక 1878లో కరవు బీమా నిధి. ఏడాదికి కోటిన్నర రూపాయలన్నారు, వర్తకుల మీద లైసెన్సు పన్నూ వేశారు. అంతలో అఫ్ఘాన్ యుద్ధం వచ్చింది, డబ్బు అటు మళ్లింది. అత్త సొమ్ము అల్లుడు దానం! దీని మీద బ్రిటిష్ లిబరల్ నాయకుడు గ్లాడ్‌స్టన్ ఇంగ్లండులోనే దుమ్మెత్తిపోశాడు.

దొరలు పోయారు, పద్ధతి పోలేదు. కట్టడం ఖర్చులో కనీసం 1 శాతం సెస్సు నిర్మాణ కార్మికుల సంక్షేమానికి చేరాలని 1996 చట్టం చెప్పింది. ఆ డబ్బుతో లాప్‌టాప్‌లూ వాషింగ్ మెషిన్లూ కొన్నారని విని 2017లో సుప్రీంకోర్టు నివ్వెరపోయింది.

ఇప్పుడు అమరావతిలో రాజధాని లేస్తోంది. సెస్సు ఎంత వచ్చింది, ఎందరికి అందింది అన్నది పని జరిగే చోటే, కూలీకి తెలిసే భాషలో బోర్డు మీద రాయండి. దొరల మీద అంత మోజుంటే వాళ్ల దగ్గర లెక్క రాయడం వరకే నేర్చుకోండి. మళ్లించడం మనకొకరు నేర్పక్కర్లేదు.