ఆడవాళ్ల రాజ్యమంటే ఇదేనట!

ఆడవాళ్లకు పెత్తనమిస్తే లోకం ఏమైపోతుందోనని బెంగపడేవారు ఒకసారి మెన్జోబెరన్జాన్ వెళ్లి రావాలి. టికెట్టక్కర్లేదు, పుస్తకం చాలు. 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' ఆటలోకి గేరీ గైగాక్స్ 1978లో దింపిన డ్రౌ జాతికి అది పాతాళ నగరం. 1990లో ఆర్.ఎ. సాల్వటోర్ 'హోమ్‌ల్యాండ్' నవలతో ఆ ఊరికి ఇళ్లూ, వంశాలూ, పగలూ సమకూర్చాడు. ఒళ్లు నలుపు, పెత్తనం ఆడది, కనుక జాతి మొత్తం దుర్మార్గం. లెక్క తేలిపోయింది.

అక్కడి ఆచారాలు వినండి. ఇంటికి పెద్ద 'మేట్రన్ మదర్'. వంశం ఆమెది, ఇంటిపేరు ఆమెది. మొగుడి బతుకు ఇల్లరికపుటల్లుడి కంటే హీనం. మొహం మొత్తితే ఆవిడ ఇంకొకణ్ణి తెచ్చుకుంటుంది. పూజారి పదవి ఆడవాళ్లకే. ఆడదాని మొహంలోకి అనుమతి లేకుండా చూసినవాడి వీపు మీద పాముతలల కొరడా ఆడుతుంది. మూడో కొడుకు పుడితే సాలీడు దేవత లోల్త్‌కి బలి. కథానాయకుడు డ్రిజ్ట్ మూడోవాడే. పుట్టిన రాత్రే ఒక అన్న ఇంకో అన్నను చంపి లెక్క తగ్గించాడు కాబట్టి బతికిపోయాడు. ఆ తర్వాత బాల్యమంతా నేలచూపులే.

చదివినవాళ్లు "అబ్బ, ఎంత ఘోరమైన ఊహ!" అంటారు. ఊహ ఎక్కడుందండీ ఇందులో? తలెత్తి చూడకూడదన్న కట్టడి మన ముత్తవ్వలకు కొత్తా? గర్భగుడిలోకి వెళ్లే హక్కు ఎవరిదో తెలియదా? మూడో బిడ్డ సంగతంటారా, మన దగ్గర మూడోసారి దాకా ఆగే ఓపిక కూడా లేదు. సాలీడు దేవత అక్కర్లేదు, స్కానింగ్ గది చాలు. కడుపులోనే ఆడపిల్లను ఏరేయడాన్ని ఆపడానికే 1994లో పార్లమెంటు చట్టం చేసింది. మగవాళ్లు తొడుక్కున్న చొక్కానే తిరగేసి ఆడవాళ్లకు తొడిగి, "చూశారా, ఎంత వికారంగా ఉందో!" అంటే ఎలా?

తల్లి వంశం నిజానికి ఎలా నడుస్తుందో, రాసేముందు మేఘాలయలో ఏ ఖాసీ ఇంట్లో అడిగినా చెప్పేవారు. అక్కడ పిల్లలకు తల్లి వంశం పేరే. ఇల్లు ఆఖరి కూతురికి. దాంతోపాటే ముసలి తల్లిదండ్రుల బాధ్యతా, ఇంటి కర్మకాండల బరువూ. పెద్ద నిర్ణయాల్లో మేనమామ మాట వినాలి. ఊరి దర్బారులో సంప్రదాయంగా కూర్చునేది మగవాళ్లే. కేరళ నాయర్ల ఉమ్మడి కుటుంబం తరవాడులోనూ వంశం తల్లిది, పెత్తనం కారణవర్ అనే పెద్ద మగదిక్కుది. 1975 చట్టంతో ఆ ఉమ్మడి కుటుంబమూ రద్దయింది. అంతదాకా ఎందుకు, మన గౌతమీపుత్ర శాతకర్ణి అమ్మ పేరు ముందు పెట్టుకుని రాజ్యమేలాడు. సింహాసనం మాత్రం కొడుక్కే దక్కింది.

ఇంటిపేరు ఇచ్చినచోట కూడా ఆడవాళ్లకు కుర్చీ ఇవ్వలేదు. కొరడా ఇచ్చేస్తారేమోనని కంగారుపడే నవలాకారులకు నాదో మనవి: కాస్త మంచినీళ్లు తాగి, ఈసారి నిజంగా కొత్తదేదైనా ఊహించండి.