నేతిదర్ప శాస్త్రం: కూసీ వంశ ప్రకరణం

తన ఔన్నత్యాన్ని చాటుకోవడానికి తనకున్నవాటిని ఏకరువు పెట్టడం అస్తిదర్పం. తాను కానివాటిని వరుసగా లెక్కించడం నేతిదర్పం. మొదటిది పామరులకు సైతం సులభసాధ్యం గనుక దానికి శాస్త్రం అక్కరలేదు. రెండవది అభ్యాసైకసాధ్యం. ఇక్కడ 'నేతి' అంటే 'న ఇతి', ఇది కాదు అని అర్థం. ఘృతసంబంధి అని భ్రమించిన వ్యాఖ్యాతలు నేతిబీరకాయ దగ్గరే ఆగిపోయారు.

1. మూలసూత్రం. ఉత్తర ఫ్రాన్సులో లాన్, స్వాసోన్ పట్టణాలకు చేరువలోని కూసీ కోట ఈ విద్యకు పీఠం. రాజత్వ, రాకుమారత్వ, డ్యూకత్వ, కౌంటత్వాలను నాలుగింటినీ నిషేధించి, చిట్టచివర కూసీ దొరతనాన్ని మాత్రం అంగీకరించే వాక్యం ఆ వంశానికి బిరుదుసూత్రమని ప్రసిద్ధి. రాకుమారత్వం ముందా, డ్యూకత్వం ముందా అనే విషయంలో పాఠభేదం ఉంది. రాజత్వం ఆదిలోనూ, కౌంటత్వం అంతంలోనూ ఉండాలన్నది ఉభయపక్ష సమ్మతం.

2. నామనియమం. కూసీని ఏలినవారిలో ఏడుగురు ఆంగెరాన్ నామధేయులే. ఇన్ని కానివాడికి తానెవరో మరపు రాకుండా ఉండాలంటే పేరు ఒక్కటే కావడం శ్రేయస్కరం.

3. నిషేధభేదాలు. ఇవి మూడు.

(అ) శిలారూపం. 13వ శతాబ్ది పూర్వార్ధంలో మూడవ ఆంగెరాన్ సుమారు 55 మీటర్ల ఎత్తు, 31 మీటర్ల వ్యాసం గల బురుజు కట్టించాడు. పారిస్‌లో సాక్షాత్తు రాజుగారి లూవ్ర్ బురుజు వ్యాసం అందులో సగం. రాజును కానని చెప్పేవాడు రాజుకంటె పెద్ద ఇల్లు కట్టుకున్నప్పుడే నిషేధానికి పరిపాకం కలుగుతుంది. చిన్న ఇంట్లో ఉండి చెబితే అది కేవలం వాస్తవకథనం.

(ఆ) దండరూపం. తన అడవిలో వేటాడారని ముగ్గురు కులీన యువకులను నాలుగవ ఆంగెరాన్ విచారణ లేకుండా ఉరితీయించాడు. 1259లో ఫ్రాన్సు రాజు తొమ్మిదవ లూయీ ఆయనను బంధించి, విచారించి, భారీ జరిమానా విధించాడు. సూత్రంలోని ప్రథమ నిషేధం అక్షరసత్యమని నిర్ధారణ అయినది ఈ ఒక్క సందర్భంలోనే.

(ఇ) వివాహరూపం. ఇది సూక్ష్మం, అపాయకరం. సంధి ఒప్పందానికి పూచీగా ఇంగ్లండు వెళ్లిన ఏడవ ఆంగెరాన్ 1365లో అక్కడి రాజు మూడవ ఎడ్వర్డు కుమార్తె ఇసబెల్లాను పెళ్లాడాడు. రాజజామాతకు సూత్రంలో నిషేధం లేదన్నది ఉదారవాదుల సమర్థన. మాకూ అదే సమ్మతం.

4. భంగక్రమం. అనులోమంగా నిషేధించినది విలోమంగా భంగపడుతుందని నియమం. 1366లో మామగారు అల్లుణ్ణి బెడ్‌ఫర్డ్ అర్ల్‌ను చేశాడు. అర్ల్ అంటే ఫ్రెంచివారి కౌంటే గనుక చతుర్థ నిషేధం కూలింది. 1396లో నికోపోలిస్ యుద్ధంలో ఓటోమన్లకు చిక్కి, మరుసటి ఏడాది ఏడవ ఆంగెరాన్ బుర్సాలో బందీగా మరణించాడు. కొడుకులు లేరు. మరీ అనే కుమార్తె 1400లో కూసీని ఓర్లెయాన్ డ్యూకు లూయీకి అమ్మింది. అతడు ఫ్రాన్సు రాజుకు తమ్ముడు కూడా కావడంతో ఒకే క్రయపత్రంతో డ్యూకత్వం, రాకుమారత్వం రెండూ కోటలో ప్రవేశించాయి. అతని మనుమడు 1498లో పన్నెండవ లూయీగా సింహాసనమెక్కాడు. అలా కూసీ దొర రాజు కూడా అయ్యాడు.

5. లోపవిచారం. వంశం ఎన్నడు అంతరించింది? 1311లో నాలుగవ ఆంగెరాన్ నిస్సంతుగా పోయి, ఆస్తి సోదరి కుమారుడికి చేరినప్పుడేనని పితృపక్షులు. 1397లో బుర్సాలోనని నామపక్షులు. రెండుసార్లు అంతరించడం ఘనవంశాలకు దోషం కాదని మా నిర్ణయం.

బురుజు మాత్రం ఇద్దరి లెక్కనూ దాటి నిలిచింది. 1917 మార్చిలో వెనుదిరుగుతున్న జర్మన్ సైన్యం 28 టన్నుల పేలుడు పదార్థంతో దాన్ని కూల్చివేసింది. మళ్లీ ఎవరూ కట్టలేదు.