యాభై అయిదు గజాల గొప్ప

పెరట్లో ఫోమ్ జింకను నిలబెట్టి, అరవై గజాల నుంచి బాణం మీద బాణం దాని గుండె మీదే దించుతుంటే నాకు నేనే అర్జునుణ్ణి. ద్రోణుడు పరీక్షకు పెట్టిన పిట్ట కూడా శిల్పులు చేసిన బొమ్మేనని, అదీ కదల్లేదని అప్పుడు తట్టలేదు.

పెన్సిల్వేనియాలో అక్టోబరు విల్లు వేట కాలం. ఉద్యోగానికి వచ్చిన నాకు పక్కింటి పెద్దాయన ఈ సరదా అంటించాడు. శిక్షణ, లైసెన్సు అన్నీ పద్ధతిగానే అయ్యాయి. "ఇరవై గజాలు దాటితే జింకను దాని మానాన పోనీ" అంటూనే ఉండేవాడు. వయసు మీద పడి చూపు ఆనక అంటున్నాడనుకున్నాను. నా కాంపౌండ్ విల్లు బాణాన్ని సెకనుకు 280 అడుగుల వేగంతో వదుల్తుంది. రేంజ్‌ఫైండర్ దూరం ఇట్టే చెప్పేస్తుంది. ఇన్ని డాలర్లు పోసింది ఇరవై గజాలకా?

తెల్లతోక ఆడజింక ఒకటి 55 గజాల్లో పక్కకు తిరిగి నిలబడింది. దగ్గరికి వచ్చేదాకా ఆగొచ్చు. ఆగలేదు. ఎందుకంటే మా బావకి వాట్సాప్‌లో పెట్టబోయే వాక్యం అప్పటికే మనసులో తయారైపోయింది. అందులో జింకది చిన్న వేషం, అసలు వేషం 55ది.

లెక్క తర్వాత వేశాను. 165 అడుగులు వెళ్లడానికి బాణానికి దాదాపు 0.6 సెకను. తీగ చప్పుడు సెకనుకు 1,100 అడుగుల పైచిలుకు వేగంతో పోయి 0.15 సెకనుకే జింక చెవిన పడుతుంది. బెదిరిన జింక దూకే ముందు కాళ్లు మడిచి కిందికి కుంగుతుంది. ఉలికిపాటుకు కాస్త తీసేసినా కుంగడానికి 0.3 సెకను మిగులుతుంది. ఆ వ్యవధిలో జారవిడిచిన రాయి అడుగున్నర దాకా పడుతుంది. గురి పెట్టాల్సిన చోటేమో అడుగు వెడల్పు కూడా ఉండదు. అదే ఇరవై గజాలైతే జింక కుంగడం మొదలుపెట్టేసరికే బాణం చేరిపోతుంది. నా గురి తప్పలేదు సుమా! జింక ఉండిన చోటికే వెళ్లింది. జింకే అక్కడ లేదు.

దొరికిన బాణాన్ని పెద్దాయన వేళ్ల మధ్య తిప్పి చూశాడు. రెక్కల దగ్గర ముదురు రంగు బిరుసు వెంట్రుకలు, కడ్డీ మీద తెల్లటి కొవ్వు పూత. గులాబీ నురగ ఉంటే ఊపిరితిత్తులకు తగిలినట్టు. అది లేదు. "పైవీపు" అన్నాడు. బాణం తుపాకీ గుండులా అదురుతో కూల్చదు, నెత్తురు పారించి చంపుతుంది. అందుకే ఎక్కడ తగిలిందన్నదే ముఖ్యం. ఆకుల మీద నెత్తురు చుక్కలు వాగు దాకా కనిపించాయి, అవతల లేవు. చీకటి పడేదాకా మోకాళ్ల మీద పాకుతూ వెతికాం. అది బతికి బట్టకట్టిందో, పుండు పట్టి ఏ పొదలో పడిందో. పెద్దాయన నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే ఎదురు వాదించడానికైనా దొరికేది.

అంత జరిగినా ఆ రాత్రి నేను చేసిన పని ఇంకా తేలికైన బాణాల కోసం వెతకడం. వేగం 300 అడుగులకు పెరిగినా కలిసొచ్చేది 0.04 సెకను.

ఈ దేశపు విల్లు వేటగాళ్లు తలుచుకునే సాక్స్టన్ పోప్ శాన్‌ఫ్రాన్సిస్కో డాక్టరు. 1911లో కాలిఫోర్నియాలోని ఓరోవిల్ దగ్గర బయటికొచ్చిన యాహి తెగ చివరి మనిషి ఇషీ దగ్గర విల్లు నేర్చుకుని, 1923లో పుస్తకం రాశాడు. టార్గెట్ మీద ఇషీ గొప్ప విలుకాడేం కాదు. కుందేలు అరుపు అరిచి జంతువునే దగ్గరికి రప్పించుకునేవాడు. పోప్ మాత్రం దూరపు బాణాలూ వేశాడు. అది చదివినప్పుడు నాకు, సిగ్గు లేకుండా, కాస్త ఊరట కలిగింది.

ఇప్పుడు విల్లు సైట్‌లో ఇరవై గజాల గురి పిన్ను ఒక్కటే ఉంచి మిగతావి ఊడదీశాను. బావకి ఆ జింక విషయం "తప్పిపోయింది" అనే చెప్పాను. మొన్న ఫోన్లో "ఎంత దూరం కొడతావు బావా?" అని అడిగాడు. "ముప్ఫై అయిదు" అన్నాను.