కొలువులిచ్చే దొరలకు కొన్ని మెలకువలు

మాదాపూర్‌లోనో గచ్చిబౌలిలోనో అద్దాల మేడలో రెండంతస్తులు అద్దెకు తీసుకుని, హెచ్చార్ విభాగమంటూ ఒకటి పెట్టుకున్న యజమానులారా! మనుషుల్ని తీసుకోవడమెలా, తీసుకున్నవాళ్లను చూసుకోవడమెలా అని మీకు కొత్తగా నేర్పేదేముంది? మీరు చేస్తున్నదే కాగితం మీద పెడుతున్నాను.

ముందు ప్రకటన. 'ఇమ్మీడియట్ జాయినర్స్ ఓన్లీ' అని పెద్దక్షరాల్లో వేయించండి. రేపు పొద్దున్నే బ్యాగు తగిలించుకుని దిగేవాడే మీకు కావాలి. అలా దిగినవాడి చేత మొదటిరోజే 90 రోజుల నోటీసు పీరియడ్‌కు సంతకం పెట్టించండి. పక్క కంపెనీ తన మనిషిని మూడు నెలలు వదలకపోతే అది దౌర్జన్యం, మీరు వదలకపోతే నాలెడ్జ్ ట్రాన్స్‌ఫర్. ఊళ్లో ప్రతి కంపెనీకీ రేపే వచ్చేవాడు కావాలి, ఏ కంపెనీ ఎవర్నీ రేపే వదలదు. మరి రేపే రాగలవాడెవడయ్యా అంటే, మొన్నామధ్య ఎవరో తీసేసినవాడు. వాడొచ్చి ఎదురుగా కూర్చోగానే రెజ్యూమెలో ఆ రెండు నెలల ఖాళీ ఏమిటని గుచ్చి గుచ్చి అడగండి.

ఆడపిల్ల ఇంటర్వ్యూకి వస్తే ఇంకొంచెం నేర్పు కావాలి. 2017 చట్ట సవరణతో ప్రసూతి సెలవు 26 వారాలైంది. 50 మంది ఉన్న ఆఫీసులో క్రెష్ కూడా ఉండాలట. ఆ సెలవు జీతం మీ జేబులోంచే పోవాలి కనుక 'ఫ్యామిలీ ప్లాన్స్ ఏమైనా ఉన్నాయామ్మా?' అని క్యాబ్ రూటు అడిగినంత మామూలుగా అడగండి. జవాబు నచ్చకపోతే 'మీ ప్రొఫైల్ ప్రాసెస్‌లో ఉంది' అనేస్తే సరి. అది ఎన్నాళ్లయినా ప్రాసెస్‌లోనే ఉంటుంది. మార్చి 8న ఎటూ గులాబీలు పంచుతారు కదా!

ఇక ఆఫర్ లెటర్. మీ అసలు ప్రతిభంతా దాని చివరి పేజీలో, జీతం పట్టికలో కనిపించాలి. 12 లక్షల ప్యాకేజీ అని నోరారా చెప్పండి. అందులో ఉద్యోగి వాటా పీఎఫ్ ఎలాగూ అతని జీతంలోంచే కోస్తారు. చట్టం మీ మీద పెట్టిన యజమాని వాటా కూడా అదే 12 లక్షల్లోంచే లాగండి. రెండు చేతులూ అతనివే, చప్పట్లు మీకు. గ్రాట్యుటీ కింద బేసిక్‌లో 4.81 శాతం కలపడం మరిచిపోవద్దు. పర్మినెంటు ఉద్యోగికి అది ఐదేళ్లు నిండితే గానీ చేతికి రాదు. మీ దగ్గర ఐదేళ్లు ఎవడుంటాడో మీకూ తెలుసు, పట్టిక టైపు చేసిన కుర్రాడికీ తెలుసు. అయినా మొదటి నెల నుంచీ లెక్కలో ఉండాల్సిందే. రెండేళ్లకు వెళ్లిపోయినవాడు తనకెన్నడూ ముట్టని జీతాన్ని చూసుకుని రెండేళ్లూ మురిసిపోయి ఉంటాడు, పాపం. వేరియబుల్ పే సంగతి చెప్పనే అక్కర్లేదు. పేరులోనే ఉంది.

చేరాక సంక్షేమం. శుక్రవారం సాయంత్రం ఆరున్నరకు 'ఒత్తిడిని జయించడం ఎలా' అని వెబినార్ పెట్టండి. కెమెరా ఆన్‌లో ఉండాలి, హాజరు తప్పనిసరి. కళ్లు మూసుకుని శ్వాస మీద ధ్యాస పెట్టమని అవతలావిడ చెబుతున్న క్షణానే మేనేజర్ చాట్‌లో 'క్విక్ కాల్?' అని తట్టాలి. ఒక కన్ను తెరిచి 'ష్యూర్' అని కొట్టినవాడే రేటింగుకు అర్హుడు. ఇద్దరి పని నెత్తినేసుకున్నవాడు ఇంకొకర్ని ఇమ్మని అడిగితే, హెల్ప్‌లైన్ నంబరిచ్చి కౌన్సెలర్‌తో మాట్లాడుకోమనండి. కౌన్సెలర్ ఓపిగ్గా వింటాడు. మనిషినిచ్చే అధికారం ఆయనకు లేదు, అదే ఆ ఏర్పాటులోని సుఖం.

టౌన్‌హాల్లో 'మనమంతా ఒకే కుటుంబం' అని గొంతు జీరబోయేలా చెప్పండి. క్వార్టర్ ఫలితాలు దెబ్బతిన్న వారమే ఆ కుటుంబంలో కొందరి లాగిన్ పొద్దున్నే పనిచేయదు. వాళ్ల విషయంలో మాత్రం ఆ 90 రోజుల పట్టింపేమీ పెట్టుకోకండి. పొద్దున మెయిల్, మధ్యాహ్నం ల్యాప్‌టాప్ వాపసు. నాలెడ్జ్ ఎవరికి ట్రాన్స్‌ఫర్ చేయాలని ఎవరూ అడగరు.

తనంతట తాను వెళ్తానన్నవాడికి మాత్రం ఎగ్జిట్ ఇంటర్వ్యూ చేయండి. లోపాలేమిటో మనసు విప్పి చెప్పమనండి. చెప్పిందంతా రాసుకుని ఫైల్లో పెట్టండి. లేచేముందు తనలాంటి మంచి కుర్రాణ్ని, అదీ వెంటనే చేరేవాణ్ని, ఎవరినైనా సిఫారసు చేయమని అడగండి. రిఫరల్ బోనస్ నోటీసు పీరియడ్‌లో ఉన్నవాళ్లకు వర్తించదన్న సంగతి అతను పేరు చెప్పాక చెప్పండి.