ఎర్ర అంకె: ఒక సబ్ మీటరు ఆత్మకథ

పుట్టుక గురించి చెప్పుకోడానికి నాకు పెద్దగా ఏమీ లేదు. విజయనగరం గంటస్తంభం దగ్గర ఓ ఎలక్ట్రికల్ షాపు అద్దాల బీరువాలో కొన్నాళ్లు కూర్చున్నాను. ఓ ఆసామి వచ్చి బేరమాడి, నన్ను చేతిసంచీలో వేసుకుని నెల్లిమర్ల మీదుగా రామతీర్థం తెచ్చాడు. ఆయన ఇంటి వెనక పోర్షనులో వీధి గుమ్మం పైన, చెక్కబోర్డు మీద రెండు మరలతో బిగించారు. అప్పటినుంచీ అక్కడే ఉన్నాను. కిందికి చూస్తే గడప. తలుపు తీసి ఉంటే ఎదర బోడికొండ.

బయటి గోడకున్న పెద్ద మీటరు ఈపీడీసీఎల్ వారిది. దానికి సీలుంది, సర్వీసు నంబరుంది, నెలనెలా వచ్చి రీడింగు తీసి బిల్లు చేతిలో పెట్టే మనిషున్నాడు. నాకవేవీ లేవు. ఇంటాయన దగ్గరున్న నల్ల అట్ట నోటుబుక్కే నా సర్కారు. నా ఒంట్లో ఓ అల్యూమినియం చక్రం, దాని అంచున నల్ల మచ్చ. చక్రం 1200 చుట్లు తిరిగితే ఒక యూనిట్. పైన అయిదు నల్ల అంకెలు, వాటి పక్కన ఒక ఎర్ర అంకె. ఆ ఎర్రది యూనిట్‌లో పదో వంతు. దీన్ని గుర్తుంచుకోండి, ముందుముందు పని పడుతుంది.

నా కింద చాలామంది కాపురాలు చేసి వెళ్లారు గానీ, నేను చెప్పబోయేది సోషల్ మాస్టారి సంగతి. 2023 జూన్‌లో బదిలీ మీద వచ్చారు. భార్య, నాలుగేళ్ల పాప. పాలు పొంగించిన రోజున ఇంటాయన స్టూలెక్కి, కళ్లజోడు సర్దుకుని, నన్ను చదివి నోటుబుక్కులో రాశారు: 1846. మాస్టారు కూడా తన డైరీలో రాసుకున్నారు, ఆయన పాయింటు రెండు కూడా వేశారు. అద్దె 4,500. రెండు నెలల అద్దె, అంటే 9,000 అడ్వాన్సు. కరెంటు యూనిట్‌కి 9 రూపాయలు. కాగితం లేదు, స్టాంపు లేదు.

పట్నాల్లో అయితే పదకొండు నెలలకి అగ్రిమెంటు రాయించుకుంటారు. ఏడాది దాటిన లీజుకి రిజిస్ట్రేషను తప్పనిసరని 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం మూలపాఠం అంటుంది కాబట్టి, ఆ గీత దాటకుండా ఒక నెల ముందే ఆగిపోవడమన్నమాట. మా ఇంట్లో ఆ తెలివి కూడా అవసరపడలేదు. "మనలో మనకి కాయితాలేటి మాస్టారూ" అన్నారు ఇంటాయన. మాస్టారూ నవ్వి ఊరుకున్నారు.

ఆ రోజు నా అంకె తప్ప ఇంట్లో ఇంకేదీ ఎవరూ రాసుకోలేదు. పడగ్గది మూల చెమ్మ ఎంత మేర ఉందో రాసుకోలేదు. వంటింటి కుళాయి చుక్కచుక్కగా కారుతోందనీ, గోడకి అప్పటికే ఎన్ని మేకులున్నాయనీ రాసుకోలేదు. చక్రం తిప్పుకోవడం తప్ప నాకు వేరే పనేముంది, అన్నీ చూశాను.

ఒక సంసారం సంగతి నా చక్రానికి తెలిసినంతగా పక్కింటి వాళ్లకి కూడా తెలీదు. తెల్లవారుజామున మిక్సీ ఓ అర నిమిషం అంటే పచ్చడి. ఆదివారం మధ్యాహ్నం చక్రం మూడు సెకన్లకో చుట్టు చొప్పున పరుగెత్తితే ఇస్త్రీ, మాస్టారి వారం చొక్కాలు. అర్ధరాత్రి అరనిమిషానికో చుట్టు, అది ఫ్రిజ్. పాపకి జ్వరమొచ్చిన రాత్రి తెల్లార్లూ లైటు వెలిగింది. ఆ యూనిట్లూ లెక్కలోకే వెళ్లాయి.

ఒక నెల 130 దాటేసరికి మీటరు జంప్ అవుతోందని మాస్టారికి అనుమానం వచ్చింది. అద్దెకున్న ప్రతివాడికీ ఏదో ఒక నెల వస్తుందిది, నేను నొచ్చుకోను. రాత్రి స్విచ్చులన్నీ ఆపేసి, కుర్చీ ఎక్కి, టార్చి నా మొహం మీద కొట్టారు. నల్ల మచ్చ మెల్లిగా కదిలి ఎడమ నుంచి కుడికి వెళ్లి మాయమైంది. "చూశావా! అన్నీ ఆపేసినా తిరుగుతోంది!" అన్నారు. వంటింట్లోంచి ఆవిడ, "ఫ్రిజ్ ప్లగ్గు తీశారేంటి?" అంది. కుర్చీ దిగిపోయారు.

శివరాత్రికి రామతీర్థంలో జాతర. ఇంటాయన చుట్టాలు ఏ మూల చోటుంటే ఆ మూల పడుకున్నారు, మాస్టారి ముందు గదిలో కూడా. వరండాలో కట్టిన బల్బులకి తీగ మాస్టారి ప్లగ్గులోంచే లాగారు. రెండు రాత్రులు వాళ్ల వెలుగు నా అంకెల మీద ఎక్కింది. మాస్టారు ఒక్క మాట అనలేదు. అనని మాటలన్నీ ఖాళీ చేసేనాడే బయటికొస్తాయని అప్పటికి నాకూ తెలీదు.

2025లో మళ్లీ బదిలీలు. మాస్టారికి బొబ్బిలి వైపు పడింది. ఆషాఢం జూన్ 26న మొదలవుతోంది, ఆలోగా కొత్తింట్లో పాలు పొంగాలి. పదిహేను రోజుల ముందే ఇంటాయనకి చెప్పారు. నెలవారీ అద్దెకి ఆ మాత్రం గడువుతో నోటీసు చాలని 1882 నాటి ఆస్తి బదిలీ చట్టంలో ఉందట. ఇంటాయనేమో, "నెల ముందు సెప్పాలి కదా మాస్టారూ, ఇప్పుడు నానెక్కడ ఎతుకుతాను మనిషిని?" అన్నారు. రాజుకోవడం అక్కడే రాజుకుంది.

సామాను కట్టిన రోజున లెక్కలు తేల్చడానికి ఇంటాయనతో పాటు ఆయన కొడుకు కూడా వచ్చాడు. విశాఖలో ఉద్యోగం, చేతిలో పెద్ద ఫోను. స్టూలు అక్కర్లేకుండానే నన్ను ఫొటో తీసి చదివాడు: 40117. నోటుబుక్కులో కిందటి నెలది 3918. తీసివేసి, తొమ్మిదితో హెచ్చవేసి ప్రకటించాడు: "మూడు లక్షల ఇరవై అయిదు వేల ఏడొందల తొంభై ఒకటి."

గదిలో ఫ్యాను కూడా ఆగినట్టనిపించింది. ఫ్యాను నిజంగా లేదులెండి, అప్పటికే విప్పేశారు.

"ఓరి గుంటడా, ఎర్రంకె ఇడిసెట్టీ!" అన్నారు ఇంటాయన. మాస్టారు డైరీ తీశారు. 4011.7 లోంచి 3918.3 పోతే 93.4. రూపాయల్లో 840 చిల్లర. ఇద్దరి పుస్తకాలూ ఒకటే చెప్పాయి. రెండు నిమిషాల్లో నా సంగతి తేలిపోయింది.

మిగతావాటికి మూడు రోజులు పట్టింది.

కరెంటు రేటు దగ్గర కాసేపు నిజమైన లెక్కే నడిచింది, దాని గురించి చెప్పాలి. "సర్కారు వారి రేటు మొదటి 30 యూనిట్లకి 1.90, తర్వాత 75 దాకా 3 రూపాయలు. నేను వాడేది నెలకి తొంభయ్యో వందో. మీరు తొమ్మిదేసి తీసుకున్నారు" అని మాస్టారు కేలెండరు కాగితం వెనక్కి తిప్పారు. వంద యూనిట్లకి విడిగా సర్వీసుంటే 304 రూపాయల యాభై పైసలు. రెండేళ్లలో ఎంత ఎక్కువ కట్టానో చూడండన్నారు. కొడుకు పెద్ద మీటరు బిల్లు తెచ్చాడు. ఇంటాయన వాడకం ఒక రెండొందలు, మాస్టారిది వంద, మొత్తం 300. 126 నుంచి 225 దాకా యూనిట్‌కి 6 రూపాయలు, ఆపైన 8.75. రెండొందలకే అయితే 867 అయ్యేది. మూడొందలకి 1,673 అయింది. అంటే మాస్టారి వంద యూనిట్ల వల్ల ఇంటాయన మీద పడ్డది 806. ఆ పైన సర్దుబాటు చార్జీలు.

మాస్టారు కాగితాన్ని చాలాసేపు చూశారు. ఆయన చెప్పిన 304 నిజం. ఇంటాయన కట్టిన 806 కూడా నిజం. మధ్యలో ఆ అయిదొందలు ఇద్దరికీ దక్కలేదు, రెండు కాపురాలు ఒకే సర్వీసు మీద బతికినందుకు కరెంటు రేట్ల శ్లాబు మింగేసింది. నేనే గనక లేకుండా వెనక పోర్షనుకి వేరే మీటరు ఉండి ఉంటే ఈ గొడవే లేదు. నా ఉనికి మీద నాకే విరక్తి పుట్టిన క్షణమది.

గోడల దగ్గర మాత్రం అంకె లేదు, అందుకని అరుపులే.

"గోడంతా మేకులు కొట్టీసినారు. చెమ్మ సూడండి, తడి తువ్వాళ్లు ఆరేసీసి పాడు సేసినారు. రంగుకి నాలుగు ఏలు పట్టుకుంటాను."

"చెమ్మ శ్లాబు నుంచి దిగుతోందండీ. మేం దిగినప్పటికే ఉంది."

"ఉంటే అప్పుడే సెప్పాలి కదా?"

చెమ్మ సంగతి నాకు తెలుసు. వాన పడిన ప్రతిసారీ ఆ నీరు గోడ లోపల్నుంచి నా బోర్డు వెనక దాకా వచ్చి, మరలకి తుప్పు పట్టించింది. కానీ నేను చెప్పగలిగేది యూనిట్లు మాత్రమే. తలుపు చెక్క మీద పాప ఎత్తు కొలిచిన పెన్సిలు గీతలు, దాని పక్క గోడ మీద రంగు క్రేయాన్లతో వేసిన ఏనుగు మాత్రం మాస్టారి ఖాతాలోవే. ఆయన కూడా వాటిని కాదనలేదు.

మాస్టారు ఫోనులో 1882 చట్టం 108వ సెక్షను చదివారు. ఇల్లు ఎలా తీసుకున్నామో అలాగే అప్పజెప్పాలి గానీ, మామూలు వాడకంలో వచ్చే అరుగుదల లెక్కలోకి రాదని సారాంశం. 2021 జూన్‌లో కేంద్రం ఆమోదించిన నమూనా అద్దె చట్టం గురించి కూడా చెప్పారు: ఇంటికి అడ్వాన్సు రెండు నెలలు మించకూడదు, బాకీలు పోను మిగిలింది ఇల్లు అప్పజెప్పిన నాడే ఇచ్చేయాలి. నమూనా కాబట్టి రాష్ట్రాలు చేసుకుంటేనే చట్టమని నిజాయితీగా తానే ఒప్పుకున్నారు. అక్కడ దెబ్బ తిన్నారు.

"ఆ చట్టం తెల్లోడిది మాస్టారూ, గోడ నాది" అన్నారు ఇంటాయన.

ఇక శివరాత్రి బల్బులు బయటికొచ్చాయి. దానికి జవాబుగా, మాస్టారి అత్తగారు వచ్చి నెల్లాళ్లున్నప్పుడు నీళ్ల మోటారు రెండు పూటలా వేసిన సంగతి బయటికొచ్చింది. "ఏనాడైనా అడిగినానా?" అని ఆయన, "నేను మాత్రం అడిగానా?" అని ఈయన. ఇద్దరూ ఏనాడూ అడగలేదు, నిజమే. ఇద్దరూ రోజుతో సహా గుర్తుపెట్టుకున్నారు, అదీ నిజమే.

ఇక్కడో మాట. ఒకసారి బడి పిల్లల్ని పక్కనున్న గురుభక్తులకొండకి తీసుకెళ్లొచ్చిన సాయంత్రం మాస్టారు భార్యకి చెబుతుంటే విన్నాను. ఆ కొండమీద బౌద్ధ విహారాల ఇటుక గోడల ఆనవాళ్లున్నాయి కదా, అలాంటి చోట ఉండే భిక్షువులకి వసతి ఖాళీ చేయడానికి కూడా నియమం ఉండేదట. పరిచిన పక్క ఎత్తి పెట్టకుండా, ఎవరికీ అప్పజెప్పకుండా, చెప్పకుండా వెళ్లిపోతే పాచిత్తియం, అంటే ఒప్పుకుని దిద్దుకోవలసిన దోషం. అద్దె లేదు, అడ్వాన్సు లేదు, అయినా నియమం పెట్టాల్సి వచ్చిందంటే అక్కడా ఎవరో పక్కబట్టలు వానలో వదిలేసి పోయే ఉంటారు.

మూడో రోజు సాయంత్రానికి మాటలు అయిపోయాయి. వ్యాను వాడు వెయిటింగు అడుగుతున్నాడు. అడ్వాన్సు 9,000 లోంచి కరెంటు 840, కుళాయికి 160, రంగుకి రెండు వేలు పోయి 6,000 మాస్టారి చేతిలో పడింది. నాలుగు వేలు రెండు వేలెలా అయిందంటే, ఏ లెక్కా లేదు. ఇద్దరూ అలిసిపోయారు, అంతే. కుళాయి వాళ్లు దిగినప్పటి నుంచీ కారుతూనే ఉంది, దాన్ని ఎవరూ వాదించలేదు కూడా.

మగవాళ్లు మొహాలు చూసుకోకుండా నిలబడ్డారు. ముందింట్లోంచి ఇంటాయన తల్లి, మామ్మ, గోడ పట్టుకుంటూ వచ్చింది. ఆవిడ చేతిలో పసుపు, కుంకుమ, జాకెట్టు ముక్క, రెండు అరటిపళ్లు. "ఏటమ్మా, సెప్పకుండా ఎల్లిపోతన్నావా?" అంటూ మాస్టారి భార్యకి బొట్టు పెట్టింది. ఆవిడ వంగి దణ్ణం పెట్టింది. పాప తలుపు చెక్క మీద తన ఆఖరి గీత దగ్గర నిలబడి చూసుకుంది. గీత ఇప్పుడు చెవి దగ్గరికొచ్చింది.

ఆ రాత్రి నా చక్రం ఆగిపోయింది. ఫ్రిజ్ కూడా లేని ఇంట్లో నల్ల మచ్చ ఒకే చోట కూర్చుంది.

రంగు వేయడానికి మనిషి వారం తర్వాత వచ్చాడు. చెమ్మ గోకలేదు, దాని మీదే ఒక పూత లాగించాడు. ఏనుగు పోయింది. తలుపు చెక్క జోలికి వెళ్లలేదు, గీతలు అలాగే ఉన్నాయి. కుళాయి కారుతోంది. బ్రష్షు విదిలించినప్పుడు ఒక తెల్ల చుక్క ఎగిరి నా అద్దం మీద పడింది.

ఆషాఢం వెళ్లాక కొత్తవాళ్లొచ్చారు. నెల్లిమర్ల జూట్ మిల్లులో పని, అమ్మా కొడుకూ. ఇంటాయన స్టూలెక్కారు, కళ్లజోడు సర్దుకున్నారు. "నాలుగు ఏల పదకొండు" అని నోటుబుక్కులో రాసుకున్నారు. ఆ కుర్రాడు కూడా రాసుకోవడానికి ఫోను పైకెత్తి, కాసేపు నన్ను చూసి అడిగాడు:

"ఈ సివర సుక్క కింద ఏదో అంకె ఉన్నట్టుంది బాబుగారూ, అదేటి?"