అట్ట టికెట్టు చెప్పుకున్న కథ

తమిళనాడులోని పొల్లాచ్చి స్టేషను అట్ట టికెట్టు తన కథ చెప్పుకునేటప్పుడు 'నేను' అనదు. దానికి పేరు లేదు, ఉన్నదల్లా ఒక నంబరు. అందుకే 'ఈ టికెట్టు' అనే చెప్పుకుంటుంది.

దీని మూలపురుషుడు థామస్ ఎడ్మండ్‌సన్. 1830లలో ఇంగ్లండులోని న్యూకాసిల్–కార్లైల్ రైల్వేలో పనిచేస్తూ, ఎక్కినవాడికల్లా చేత్తో చీటీ రాసివ్వలేక నంబర్లు అచ్చేసిన అట్టముక్కలు తయారుచేశాడు. పొల్లాచ్చికి పోత్తనూరు నుంచి మీటర్ గేజి 1915లో వచ్చింది. 1928లో దిండిగల్లుకు, 1932లో పాలక్కాడుకు దారి సాగింది.

ఈ ఊరి తెలుగిళ్ళవాళ్ళు తమలో తాము తెలుగులో డబ్బు లెక్క చూసుకుని, కిటికీలో తమిళంలో టికెట్టు అడిగేవారు. పళనికా, మధురకా అన్నదే మాట. ఎప్పుడు కొంటే చవకని ఎవరూ అడగలేదు. ధర దీని ఒంటిమీదే ఉండేది మరి! చార్జీ కిలోమీటర్లను బట్టి. దూరం పెరిగేకొద్దీ కిలోమీటరుకు పడే పైసలు తగ్గేవి. గంట ముందొచ్చినా, రైలు కూత విని పరుగెత్తుకొచ్చినా ఒకటే రేటు.

ఐరోపా చుట్టాల సంగతి వింటే దీనికి తల తిరుగుతుంది. జర్మనీలో ఒకే రైలుకు ముందు కొన్నవాడికో ధర, చివర్లో కొన్నవాడికో ధర. పైగా 1992 నుంచి బాన్‌కార్డు ఒకటి: ఏడాదికి ఇంతని కట్టి అది కొనుక్కుంటే టికెట్లలో 25 శాతమో 50 శాతమో తగ్గుతుంది. స్విట్జర్లాండులో సగం చార్జీ కార్డు 1891 నాటిది. ఫ్రాన్సులో 49 యూరోల కార్డుకు 30 శాతం తగ్గింపు. హంగరీలో 65 దాటిన ఐరోపా యూనియన్ పౌరులకు ప్రయాణం ఉచితం. లక్సెంబర్గయితే 2020లో రెండో తరగతికి టికెట్టే ఎత్తేసింది. టికెట్టు జాతికి అదేం శుభవార్త కాదు.

రాయితీని డబ్బుపెట్టి కొనుక్కోవడం దీనికి మింగుడుపడదు. ఇక్కడ వయసు చూసి ఇచ్చేవారు: 60 దాటిన మగవాళ్ళకు 40 శాతం, 58 దాటిన ఆడవాళ్ళకు 50 శాతం. ఐరోపా గాలి ఇటూ వీచింది. 2016 సెప్టెంబరు నుంచి రాజధాని, శతాబ్ది, దురంతో రైళ్ళలో ప్రతి 10 శాతం సీట్లు అమ్ముడయ్యాక మూల చార్జీ 10 శాతం పెంచుతూ, ఒకటిన్నర రెట్ల దాకా తీసుకెళ్ళారు. రాజధాని పొల్లాచ్చి రాదు కాబట్టి ఊరివాళ్ళు దాన్ని పట్టించుకోలేదు.

2020 మార్చిలో కోవిడ్ దెబ్బ మాత్రం ఇక్కడా తగిలింది. వృద్ధుల రాయితీ ఆగిపోయింది. అప్పటికి మీటర్ గేజి పోయి బ్రాడ్ గేజి వచ్చింది, అట్ట పోయి కంప్యూటరు కాగితం వచ్చింది. తిరుపతికి బయల్దేరిన పెద్దాయన ఫారంలో తన వయసు రాస్తే దక్కేది కింది బెర్తు, అదీ ఖాళీ ఉంటే. చార్జీ పూర్తిగా కట్టాల్సిందే.